ప్యాంగ్యాంగ్‌లో రెజ్లింగ్: 1995 ‘కొలిజన్ ఇన్ కొరియా’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర కొరియాలో రెజ్లింగా అని చాలామంది ముందు నవ్వుతారు. జపాన్ కంపెనీ, అమెరికా కంపెనీ చేతులు కలిపి పెట్టిన షో అంటే కట్టుకథే అనుకుంటారు. కానీ అది జరిగింది, వీడియో కూడా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు ఆ ముచ్చట్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తూ పెరిగి, జపాన్ రెజ్లింగ్ వైపు ఇప్పుడిప్పుడే చూపు తిప్పుతున్న తెలుగు అభిమానులకు వచ్చే సందేహాలు ఇక్కడ ఒకచోట పెట్టాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ షోలో మ్యాచ్‌లు ఓ మోస్తరు, వాటి చుట్టూ నడిచిన కథ మాత్రం అద్భుతం.

ఈ షో ఎప్పుడు, ఎక్కడ జరిగింది? ఎవరు పెట్టారు?

1995 ఏప్రిల్ 28, 29 తేదీల్లో, ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో. టెడాంగ్ నది మధ్యలో రుంగ్రా అనే దీవి ఉంది. దాని మీద 1989లో కట్టిన మే డే స్టేడియం ఈ షోకి వేదిక. జపాన్ తరఫున న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్, అమెరికా తరఫున డబ్ల్యూసీడబ్ల్యూ కలిసి నిర్వహించాయి. డబ్ల్యూసీడబ్ల్యూ అప్పట్లో టెడ్ టర్నర్ కంపెనీ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) ప్రధాన పోటీదారు. ఆతిథ్యం మాత్రం ఉత్తర కొరియా ప్రభుత్వానిది.

ప్యాంగ్యాంగ్‌లో దీన్ని రెజ్లింగ్ షో అని పిలవలేదు. శాంతి కోసం అంతర్జాతీయ క్రీడా సాంస్కృతికోత్సవం అన్నారు. ‘కొలిజన్ ఇన్ కొరియా’ అనేది అమెరికా టీవీలో అమ్ముకోవడానికి తర్వాత తగిలించిన పేరు.

ఇది ఎవరి ఆలోచన?

ఆంటోనియో ఇనోకిది. ఈయన సంగతి తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఇనోకి 1943లో యోకోహామాలో పుట్టాడు. చిన్న వయసులోనే కుటుంబంతో బ్రెజిల్ వలస వెళ్లాడు. 1960లో రికిడోజాన్ అనే మహా రెజ్లర్ కంట్లో పడి తిరిగి జపాన్ చేరాడు. 1972లో సొంతంగా న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ పెట్టాడు. ముందుకు పొడుచుకొచ్చిన చుబుకం, మెడలో ఎర్ర తువాలు, చెంప మీద కొట్టి ఆశీర్వదించే అలవాటు. జపాన్‌లో చిన్నపిల్లాడిని అడిగినా ఇనోకి ఎవరో చెప్పేవాడు.

1989లో క్రీడా శాంతి పార్టీ అని ఒక పార్టీ పెట్టి జపాన్ పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికయ్యాడు. రెజ్లర్ రాజకీయాల్లోకి రావడం మనకు వింతగా ఉండదు, సినిమా హీరోలు ముఖ్యమంత్రులైన నేల మనది. 1990లో, గల్ఫ్ యుద్ధానికి ముందు, సద్దాం హుస్సేన్ విదేశీయులను ఇరాక్ దాటిపోనివ్వకుండా ఆపేశాడు. వాళ్లలో జపాన్ వాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం తల పట్టుకుని కూర్చున్న సమయంలో ఇనోకి బాగ్దాద్ వెళ్లి అక్కడ ఒక క్రీడోత్సవం పెట్టాడు. ఆ డిసెంబర్‌లో జపాన్ బందీలు ఇంటికి చేరారు. ఆయన పేరు మారుమోగిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆరోపణలు వచ్చి ఆ పేరు కాస్త మసకబారింది. 1995 జూలైలో మళ్లీ ఎన్నికలు. బాగ్దాద్‌లో పారిన పాచిక ప్యాంగ్యాంగ్‌లోనూ పారుతుందని లెక్క వేసుకున్నట్టు కనిపిస్తుంది. శాంతి గురించి ఆయన చెప్పిందంతా నాటకం అని నేను అనను. చివరి దాకా ఉత్తర కొరియా వెళ్తూనే ఉన్నాడు, అందులో ఓట్లేం రాలలేదు. కానీ 1995 ఏప్రిల్ నాటికి ఓట్ల ఆశ కూడా గట్టిగానే ఉంది.

ఉత్తర కొరియా ఎలా ఒప్పుకుంది?

దానికి రెండు కారణాలు కనిపిస్తాయి. పెద్దది రికిడోజాన్.

జపాన్ ప్రో రెజ్లింగ్‌కి పితామహుడు ఆయనే. యుద్ధంలో ఓడి కుంగిపోయిన జపాన్‌లో, 1950ల మొదట్లో, వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం వేలాదిగా గుమిగూడి ఆయన అమెరికన్ రెజ్లర్లను చితక్కొట్టడం చూసేవాళ్లు. జపాన్ ఆత్మగౌరవానికి ఆయన గుర్తు. తమాషా ఏమిటంటే ఆయన జపనీయుడు కాదు. అసలు పేరు కిమ్ సిన్ రాక్, పుట్టింది ఇప్పటి ఉత్తర కొరియాలోని దక్షిణ హామ్‌గ్యాంగ్ ప్రాంతంలో. సుమో ఆడటానికి కుర్రతనంలో జపాన్ వచ్చాడు. ఆయన బతికున్నంత కాలం అభిమానుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలియనివ్వలేదు. 1963 డిసెంబర్‌లో టోక్యో నైట్‌క్లబ్‌లో కత్తిపోటు తగిలి, వారం రోజులకు చనిపోయాడు.

జపాన్‌లో దాచిన సంగతే ఉత్తర కొరియాలో గర్వకారణం. అమెరికన్లను, జపాన్ వాళ్లను మట్టి కరిపించిన మన బిడ్డ అని చెప్పుకున్నారు. ఆయన కూతురు ఒకరు అక్కడే ఉండేది. అలాంటి మనిషికి స్వయానా శిష్యుడు ఇనోకి. ప్యాంగ్యాంగ్ తలుపు తట్టడానికి జపాన్‌లో ఇంతకన్నా మంచి పరిచయపత్రం ఇంకెవరికీ లేదు.

రెండోది సమయం. 1994 జూలైలో కిమ్ ఇల్ సంగ్ చనిపోయాడు. అదే అక్టోబర్‌లో అణు కార్యక్రమం మీద అమెరికాతో ఒప్పందం కుదిరింది. పగ్గాలు కొడుకు కిమ్ జాంగ్ ఇల్ చేతికి వచ్చాయి. బయటి ప్రపంచానికి ఒక పండుగ చూపించాలన్న కోరిక వాళ్లకూ ఉంది.

డబ్ల్యూసీడబ్ల్యూకి ఇందులో ఏం పని?

న్యూ జపాన్‌తో డబ్ల్యూసీడబ్ల్యూకి ముందునుంచే ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి. అప్పుడు డబ్ల్యూసీడబ్ల్యూ బాధ్యతలు చూస్తున్న ఎరిక్ బిషాఫ్‌కి ఆ స్నేహం ఇంకా గట్టిపడాలి. ఇనోకికి ఏమో ఎదురుగా నిలబడే అసలుసిసలు అమెరికన్ ఛాంపియన్ కావాలి. విలన్ లేకుండా హీరో ఉండడు కదా. అలా రిక్ ఫ్లెయిర్ పేరు ఖాయమైంది.

ఎవరెవరు ఆడారు?

అమెరికా కంపెనీ సగం షో నింపిందని అనుకోకండి. డబ్ల్యూసీడబ్ల్యూ పంపిన పెద్ద పేరు ఫ్లెయిర్ ఒక్కడే. స్కాట్ నార్టన్, రోడ్ వారియర్ హాక్, స్టైనర్ సోదరులు, టూ కోల్డ్ స్కార్పియో, కెనడాకు చెందిన క్రిస్ బెన్వా: వీళ్లు అప్పటికే న్యూ జపాన్ రింగుల్లో జపాన్ జనానికి బాగా తెలిసిన ముఖాలు. బెన్వా అక్కడ వైల్డ్ పెగాసస్ అనే పేరుతో ఆడేవాడు.

జపాన్ వైపు నుంచి షిన్యా హషిమోటో, కెన్సుకే ససాకి, హిరోషి హసే, మసహిరో చోనో లాంటి న్యూ జపాన్ స్టార్లు వచ్చారు. వీళ్లతో పాటు ఆల్ జపాన్ విమెన్స్ రెజ్లర్లు బుల్ నకానో, అకిరా హొకుటో, మనామి టొయోటా, మరికో యొషిడా కూడా వచ్చారు. ఈ నలుగురి సంగతి కింద ప్రత్యేకంగా చెబుతాను.

అక్కడ దిగాక రెజ్లర్లకు ఎలాంటి అనుభవం ఎదురైంది?

అందరూ దాదాపు ఒకేలా చెబుతారు: దిగగానే పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. పాస్‌పోర్టు చేతిలో లేకుండా, దేశానికి రాయబార కార్యాలయం కూడా లేని చోట అమెరికన్ పౌరుడు ఉండటమంటే ఎంత టెన్షనో ఊహించుకోండి. ఒక్కొక్కరి వెనుక ఒక మనిషిని పెట్టారు. పేరుకు గైడ్, పని మాత్రం కనిపెట్టుకుని ఉండటం. ముందుగా కిమ్ ఇల్ సంగ్ విగ్రహం దగ్గరికి తీసుకెళ్లి పూలు పెట్టించారు. కండలు తిరిగిన మనుషులు వరుసగా నిలబడి, తలలు వంచి నమస్కరించాల్సి వచ్చింది.

స్కాట్ నార్టన్ చెప్పిన కథ ఇంకా బిగువుగా ఉంటుంది. నార్టన్ అంటే చేతిపట్టు (ఆర్మ్ రెజ్లింగ్) పోటీల ఛాంపియన్, గోడలాంటి మనిషి. హోటల్ నుంచి ఇంటికి ఫోన్ చేసి, ఈ చోటు అస్సలు బాగాలేదని భార్యతో అన్నాడట. లైన్ టక్కున తెగిపోయింది. కాసేపటికి మనుషులు వచ్చి పక్కకు తీసుకెళ్లి, ఇలాంటి మాటలు మాట్లాడొద్దని గట్టిగా హెచ్చరించారట. రింగ్‌లో ఎవరికీ భయపడని మనిషి ఆ గదిలో మాత్రం వణికిపోయానని చెప్పుకున్నాడు.

ఫ్లెయిర్‌కి తిరుగు ప్రయాణంలో పరీక్ష ఎదురైంది. వెళ్లే ముందు ఒక ప్రకటన చదవమన్నారని, ఉత్తర కొరియా తలుచుకుంటే అమెరికాను ఓడించగలదన్న అర్థం అందులో ఉందని ఆయన చెప్పాడు. అది చదవకుండా, దేశం అందంగా ఉంది, మర్యాదలు బాగా చేశారు అని నాలుగు మంచి మాటలు చెప్పి బయటపడ్డాడట. మైకు పట్టుకుని ఎదుటివాణ్ణి దుమ్మెత్తిపోయడంలో ప్రపంచంలోనే పేరున్న మనిషి, తన జీవితంలో అతి జాగ్రత్తగా మాట్లాడిన మాటలు బహుశా అవే.

ఇవన్నీ వెళ్లొచ్చినవాళ్లు తర్వాత చెప్పిన ముచ్చట్లు. రెజ్లర్లు కథ చెబితే కాస్త మసాలా దట్టిస్తారని గుర్తుంచుకుని వినాలి. పాస్‌పోర్టులు, గైడ్లు, విగ్రహం సంగతులు మాత్రం ఎవరిని అడిగినా ఒకేలా వస్తాయి.

మహమ్మద్ అలీ అక్కడికి ఎందుకు వెళ్లాడు?

ఇనోకి పిలిచాడు. వాళ్లిద్దరి పరిచయం 1976 జూన్ 26 నాటిది. బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న అలీ ఆ రోజు టోక్యో బుడోకాన్‌లో ఇనోకితో 15 రౌండ్లు తలపడ్డాడు. ఇనోకి చేయగలిగిన పట్లు చాలావరకు నిబంధనల పేరుతో కట్టేశారు. దాంతో ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని అలీ కాళ్లను తన్నుతూనే ఉన్నాడు. ఫలితం డ్రా. చూసినవాళ్లు డబ్బులు దండగ అని తిట్టుకున్నారు, అలీ కాళ్లు వాచిపోయి ఆసుపత్రి పాలయ్యాడు. తర్వాత మాత్రం ఇద్దరూ స్నేహితులయ్యారు.

1995 నాటికి అలీకి పార్కిన్సన్స్ ముదిరింది, మాట చాలా తగ్గిపోయింది. అయినా జనం గుర్తుపట్టి గౌరవించిన అమెరికన్ ఆయనే. ఒక విందులో అక్కడి అధికారి ఒకరు అమెరికాను, జపాన్‌ను ఎలా నేలమట్టం చేయగలమో గొప్పలు పోతుంటే, అప్పటిదాకా నోరు మెదపని అలీ ఒక్కసారిగా అందరికీ వినపడేలా, వీళ్లంటే మనకు ఎందుకు పడదో ఇప్పుడు తెలిసింది అనే అర్థం వచ్చేలా ఒక బూతు మాట అన్నాడని ఫ్లెయిర్ చెబుతాడు. బల్ల చుట్టూ ఉన్న అమెరికన్లకు గుండె ఆగినంత పనైందట.

లక్షన్నర మందికి పైగా వచ్చారంటారు. నిజమేనా?

మొదటి రోజు 1,65,000, రెండో రోజు 1,90,000 అని ఎక్కువగా రాస్తారు. వేరే అంకెలూ తిరుగుతుంటాయి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 1987 రెజిల్‌మేనియా 3కి చెప్పుకునే 93,173 కూడా దీని పక్కన చిన్నదైపోతుంది (ఆ అంకె మీదా గొడవే ఉంది, అది వేరే సంగతి).

నా మాట ఏమిటంటే, అంకెను అక్షరాలా నమ్మకండి. స్టేడియంలో పట్టేది లక్షన్నర అని అప్పట్లో చెప్పేవాళ్లు, ఇప్పుడు అంతకన్నా బాగా తక్కువే చెబుతున్నారు. లెక్క ఇచ్చింది ప్రభుత్వం, సరిచూసినవాళ్లు లేరు. కానీ వీడియో చూస్తే స్టేడియం కిక్కిరిసి ఉందన్నది మాత్రం స్పష్టం. లక్ష దాటిందన్నా ఆశ్చర్యం లేదు.

అసలు విషయం వేరే ఉంది. ఆ జనం టికెట్ కొనుక్కుని, ఫ్లెయిర్‌ని చూడాలని తహతహలాడుతూ వచ్చినవాళ్లు కారు. ప్రభుత్వం కూర్చోబెట్టిన జనం. మధ్యలో వేల మందితో సామూహిక విన్యాసాలు, ఒక వైపు గ్యాలరీ మొత్తం రంగు అట్టలు తిప్పుతూ బొమ్మలు చూపించడం, ఇవన్నీ ఉన్నాయి. అందుకే రెజ్లింగ్ చరిత్రలో అతి పెద్ద ప్రేక్షక సంఖ్య అనే బిరుదు దీనికి ఇవ్వాలంటే చాలామందికి మనసొప్పదు. నాకూ ఒప్పదు. తలల లెక్కలో ఇదే పెద్దది కావచ్చు, కానీ అభిమానుల లెక్క వేరు.

జనానికి ఆట అర్థమైందా?

మొదట్లో అస్సలు కాలేదు. వాళ్లలో చాలామందికి ప్రో రెజ్లింగ్ చూడటం అదే మొదటిసారి. రింగ్ కూడా అంత పెద్ద మైదానం మధ్యలో అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. ఎక్కడ చప్పట్లు కొట్టాలి, ఎవరిని గేలి చేయాలి అన్నది తెలియదు. మామూలుగా రెజ్లర్ ప్రేక్షకుల అరుపుల మీద బతుకుతాడు. ఒక దెబ్బ కొట్టి ఆగి, జనం స్పందన విని, దాన్నిబట్టి రెండో దెబ్బ వేస్తాడు. ఇక్కడ దెబ్బ పడ్డాక నిశ్శబ్దం. లక్ష మంది ఉన్న చోట చాప మీద పడ్డ చప్పుడు విడిగా వినపడుతుందంటే ఆడేవాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో చూడండి.

మొదటి రోజు హషిమోటో తన ఐడబ్ల్యూజీపీ బెల్ట్‌ని (న్యూ జపాన్ ప్రధాన ఛాంపియన్ బెల్ట్) నార్టన్ మీద పణంగా పెట్టి ఆడాడు. 20 నిమిషాల గడువు ముగిసి డ్రా అయ్యింది. ఇద్దరు భారీ మనుషులు ఢీకొట్టుకుంటుంటే జనం పెద్దగా కదల్లేదు.

కాస్త కదిలించింది ఆడవాళ్లు. నకానో, హొకుటో ఒక జట్టు, టొయోటా, యొషిడా ఇంకో జట్టు. అప్పట్లో జపాన్ మహిళల రెజ్లింగ్ అంటే వేగంలో మగవాళ్లకు నాలుగు రెట్లు. తాళ్ల మీద నుంచి ఎగరడం, జుట్టు పట్టి విసరడం, లేచి మళ్లీ దూకడం. జుట్టు నిక్కబొడుచుకుని, ముఖానికి రంగులు వేసుకుని వచ్చిన నకానోని చూసి మొదట జనం బిత్తరపోయి ఉంటారు. ఆ మ్యాచ్‌కి మాత్రం భాష అక్కర్లేదు, కథ ముందే తెలియక్కర్లేదు. నన్ను అడిగితే మొత్తం రెండు రోజుల్లో నిలబడే మ్యాచ్ ఇదే.

ఇనోకి, ఫ్లెయిర్ మ్యాచ్ ఎలా సాగింది?

రెండో రోజు చివరి మ్యాచ్, పావుగంట లోపే ముగిసింది. ఇనోకి వయసు 52, ఫ్లెయిర్‌కి 46. ఇనోకి అప్పటికి రోజూ ఆడే రెజ్లర్ కాదు, ఎప్పుడో ఒకసారి రింగ్ ఎక్కే పార్లమెంటు సభ్యుడు.

ఇక్కడ ఫ్లెయిర్ పనితనం చూడాలి. మెరిసే గౌను, తెల్లటి జుట్టు, ఛాతీ విరుచుకుని నడక. డబ్బున్న పొగరుబోతు అమెరికన్ ఎలా ఉంటాడని ఆ దేశంలో పిల్లలకు చెబుతారో, ఆ బొమ్మ కళ్లముందుకు నడిచొచ్చినట్టే. ఛాతీ మీద పెళ్లుమనేలా అరచేత్తో కొట్టడం, తనకు తగిలినప్పుడు దండాలు పెడుతూ వెనక్కి జరగడం, ఈ వేషాలకు అనువాదం అవసరం లేదు. మామూలుగా చల్లగా కూర్చున్న ఆ జనానికి ఇనోకి మనవాడు, వీడు పరాయివాడు అన్నంత వరకు పది నిమిషాల్లో అర్థమయ్యేలా చేశాడు. చివరికి ఇనోకి తన పాత ఆయుధం బయటకు తీశాడు. ఎగిరి తల వెనుక భాగంలో తన్నే తన్ను, జపాన్‌లో ఎంజుగిరి అంటారు. ఫ్లెయిర్ పడ్డాడు, మూడు లెక్క పూర్తయింది, స్టేడియం అరిచింది.

గొప్ప మ్యాచ్ అని చెప్పను. కానీ వయసు మీదపడ్డ ప్రత్యర్థిని, ఆట తెలియని జనాన్ని పెట్టుకుని ఒక మ్యాచ్‌ని ఒడ్డున పడేయడం ఎలాగో నేర్చుకోవాలంటే ఫ్లెయిర్‌ని చూడొచ్చు.

ఫలితం ముందే నిర్ణయించుకున్నదే కదా?

అవును, ప్రో రెజ్లింగ్ అంతా అంతే. రికిడోజాన్ శిష్యుడు రికిడోజాన్ పుట్టిన నేల మీద అమెరికన్ చేతిలో ఓడిపోయే షోకి ఇంత దూరం ఎవరూ రారు.

అమెరికాలో ఎలా ఆడింది?

ఆడలేదనే చెప్పాలి. మూడు నెలలకు పైగా ఆగి, 1995 ఆగస్టు 4న డబ్బు కట్టి చూసే పద్ధతిలో టీవీలో వేశారు. రెండు రోజుల నుంచి ఎంచుకున్న మ్యాచ్‌లు, సగం పేర్లు అమెరికన్ ప్రేక్షకుడికి తెలియనివి. ఫ్లెయిర్ ఓడిపోయే మ్యాచ్, అదీ జపాన్ రాజకీయ నాయకుడి చేతిలో. కొన్నవాళ్లు చాలా తక్కువ. చరిత్రలోనే పెద్ద జనం వచ్చారని చెప్పుకునే షోని టీవీలో చూసినవాళ్లు అంత తక్కువమంది కావడం ఈ కథలో నాకు భలే నచ్చే సంగతి.

మరి ఎవరికి లాభం వచ్చింది?

ఇనోకికి రాలేదు. ఆ జూలైలో ఎన్నికల్లో ఓడిపోయాడు. న్యూ జపాన్‌కీ రాలేదు, ఖర్చు తడిసి మోపెడైంది. ఆ లోటు పూడ్చుకోవడానికే న్యూ జపాన్ తన ప్రత్యర్థి సంస్థ యూడబ్ల్యూఎఫ్ఐతో చేయి కలిపిందని రెజ్లింగ్ చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. 1995 అక్టోబర్ 9న టోక్యో డోమ్‌లో ఆ రెండు సంస్థలూ ఢీకొన్నాయి. చివరి మ్యాచ్‌లో కెయిజి ముటో, నొబుహికో టకాడాని కాళ్లు మెలిపెట్టే ఫిగర్ ఫోర్ పట్టుతో లొంగదీశాడు. అది ఫ్లెయిర్ పట్టు, గమనించారా? డోమ్ నిండిపోయింది, న్యూ జపాన్ తేరుకుంది.

లాభపడింది బిషాఫ్ అని నా లెక్క. ప్యాంగ్యాంగ్‌లో కలిసి తిరిగిన పరిచయం న్యూ జపాన్‌తో బంధాన్ని గట్టిపరిచింది. ఆ డిసెంబర్ స్టార్‌కేడ్ షోనే డబ్ల్యూసీడబ్ల్యూ, న్యూ జపాన్ పోటీగా పెట్టారు. ఒక కంపెనీ మీద ఇంకో కంపెనీ దండెత్తినట్టు నడిచిన ఆ యూడబ్ల్యూఎఫ్ఐ కథ చూశాకే డబ్ల్యూసీడబ్ల్యూలో ఎన్‌డబ్ల్యూఓ అనే విలన్ల ముఠా ఆలోచన పుట్టిందని అంటారు. 1996 జూలైలో హల్క్ హోగన్ విలన్‌గా మారి ఎన్‌డబ్ల్యూఓలో చేరడం, డబ్ల్యూసీడబ్ల్యూ రెండేళ్లపాటు టీవీ రేటింగుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్‌ని వెనక్కి నెట్టడం తెలిసిన కథే. దాన్ని నేరుగా ప్యాంగ్యాంగ్‌కి ముడిపెట్టడం అతి అవుతుంది. మధ్యలో ఒక దారం మాత్రం ఉంది.

జపాన్, అమెరికా కంపెనీలు కలిసి పెట్టిన షోలు ఇంకేమున్నాయి?

చాలానే. 1990 ఏప్రిల్ 13న టోక్యో డోమ్‌లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఆల్ జపాన్, న్యూ జపాన్ మూడూ కలిసి షో పెట్టాయి. హోగన్, స్టాన్ హాన్సెన్ తలపడ్డారు. 1991 మార్చి 21న అదే డోమ్‌లో డబ్ల్యూసీడబ్ల్యూ, న్యూ జపాన్ షోలో తట్సుమి ఫుజినామి ఫ్లెయిర్‌ని ఓడించాడు. జపాన్‌లో ఫుజినామి కొత్త ఛాంపియన్ అన్నారు. అమెరికాలో మాత్రం, అంతకుముందే ఫ్లెయిర్‌ని పై తాడు మీదుగా బయట పడేశాడు కాబట్టి ఆ గెలుపు చెల్లదన్నారు. ఒకే మ్యాచ్, రెండు దేశాల్లో రెండు ఫలితాలు. మేలో ఫ్లోరిడాలో మళ్లీ ఆడించి ఫ్లెయిర్‌ని గెలిపించి లెక్క సరిచేశారు. ఉమ్మడి షోలకు ఉండే పాత జబ్బు ఇదే: మా ఛాంపియన్ మీ ఊళ్లో ఎందుకు ఓడాలి?

2019 ఏప్రిల్ 6న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికా కంపెనీ రింగ్ ఆఫ్ ఆనర్, న్యూ జపాన్ కలిసి షో పెట్టాయి. 2022 జూన్ 26 నుంచి ఇంకో అమెరికా కంపెనీ ఏఈడబ్ల్యూ, న్యూ జపాన్ కలిసి ఫర్‌బిడెన్ డోర్ అనే షో నడుపుతున్నాయి: మొదట షికాగో, తర్వాత టొరంటో, న్యూయార్క్ శివారు ఎల్మంట్, 2025లో లండన్. మ్యాచ్‌ల నాణ్యత చూస్తే ప్యాంగ్యాంగ్ షో వీటి దరిదాపుల్లోకి రాదు. 2023 టొరంటోలో బ్రయన్ డేనియల్సన్ చెయ్యి విరిగినా ఆగకుండా ఆడి కజుచికా ఒకాడాని లొంగదీసిన మ్యాచ్ చూడకపోతే ముందు అది చూడండి.

ఉత్తర కొరియాలో మళ్లీ ఇలాంటి షో జరుగుతుందా?

ఇనోకి ఒకసారి మళ్లీ చేశాడు. 2013లో తిరిగి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అదే ఏడాది అనుమతి లేకుండా ఉత్తర కొరియా వెళ్లినందుకు 30 రోజులు సభ నుంచి సస్పెండ్ అయ్యాడు. అయినా తగ్గలేదు. 2014 ఆగస్టు చివర్లో ప్యాంగ్యాంగ్‌లోని ఒక ఇండోర్ స్టేడియంలో రెజ్లింగ్ ఉత్సవం పెట్టాడు, బాబ్ సాప్ లాంటివాళ్లు వెళ్లారు. 2022 అక్టోబర్ 1న ఇనోకి కన్నుమూశాడు. 2017 సెప్టెంబర్ నుంచి అమెరికా పాస్‌పోర్టుతో ఉత్తర కొరియా వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. ఇనోకిలాంటి మధ్యవర్తీ లేడు. సమీప భవిష్యత్తులో కష్టమే.

మన దేశంతో ఏమైనా లింకు ఉందా?

ఈ షోతో నేరుగా లేదు. ఇనోకితో, న్యూ జపాన్‌తో ఉంది. పంజాబ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడ్డ టైగర్ జీత్ సింగ్ 1970ల్లో ఇనోకికి పరమ శత్రువు పాత్ర. 1973లో టోక్యో షింజుకులో నడివీధిలో ఇనోకి మీద పడి కొట్టిన సంఘటన జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన గ్రేట్ ఖలీ కూడా డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లకముందు, 2001, 2002 ప్రాంతాల్లో జెయింట్ సింగ్ పేరుతో న్యూ జపాన్‌లో ఆడాడు. సరిహద్దు అవతల, 1976 డిసెంబర్‌లో కరాచీలో ఇనోకి పేరున్న కుస్తీ కుటుంబం భోలూలకు చెందిన అక్రమ్ పహిల్వాన్‌ని చెయ్యి మెలిపెట్టి ఓడించాడు. పాత తరం కుస్తీ అభిమానులకు ఇనోకి పేరు తెలిసింది అలాగే.

తెలుగు నేల మీద పెద్ద విదేశీ కంపెనీ షో అంటే 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ పెట్టినదే గుర్తొస్తుంది. జాన్ సీనా వచ్చాడు. అక్కడి అరుపులు, ప్యాంగ్యాంగ్ వీడియోలోని నిశ్శబ్దం పక్కపక్కన పెట్టి వింటే ప్రేక్షకుడంటే ఏమిటో తెలుస్తుంది.

ఇప్పుడు చూడాలంటే ఎక్కడ, దేనితో మొదలుపెట్టాలి?

డబ్ల్యూసీడబ్ల్యూ పాత షోలను డబ్ల్యూడబ్ల్యూఈ తన నెట్‌వర్క్‌లో వరుసగా పెట్టినప్పుడు కూడా దీన్ని వదిలేసింది. కాబట్టి అభిమానులు దాచుకున్న టేపుల నుంచి బయటకొచ్చిన ముక్కలే గతి. బొమ్మ నాణ్యత అంతంతమాత్రం.

మొత్తం కూర్చుని చూడకండి, విసుగొస్తుంది. ముందు మహిళల ట్యాగ్ మ్యాచ్ చూడండి. తర్వాత స్టైనర్ సోదరులు, హసే, ససాకి జట్ల మ్యాచ్. ఇనోకి, ఫ్లెయిర్ మ్యాచ్ చివరికి పెట్టుకోండి. దాన్ని చూసేటప్పుడు వ్యాఖ్యాతల గొంతు తగ్గించి, రింగ్ వెనుక కనిపించే గ్యాలరీ వైపు చూడండి. ఏ దెబ్బకు చప్పట్లు మొదలయ్యాయో మీరే పట్టుకోవచ్చు.